ద్వేరి అంటే ద్వారమే

రాత్రి పదిన్నర. వెలుతురు మాత్రం మా రాజమండ్రిలో సాయంత్రం ఆరు గంటలకు ఉన్నంత ఉంది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో చిరునామా రాసుకున్న కాగితం. సెయింట్ పీటర్స్‌బర్గ్, వసీల్యెవ్‌స్కీ దీవి, పదకొండో లైను, ముప్పైల్లో ఒక సరిసంఖ్య ఇల్లు. వీధి సరైనదే. ఎంత నడిచినా గోడల మీద 31, 33, 35 తప్ప సరిసంఖ్య ఒక్కటీ కనిపించదు. ఫోనులో నేనెక్కడున్నానో చూపించాల్సిన నీలి చుక్క, రెండు గంటల కిందట నేను దిగిన పుల్కొవా విమానాశ్రయంలోనే ఇంకా తీరిగ్గా కూర్చుని ఉంది. నగరం మధ్యలో ఉపగ్రహ సంకేతాలు ఇలా తప్పుదారి పట్టడం అక్కడివాళ్ళకు అలవాటైన సంగతేనట. నాకు తెలియదు.

కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయనకు కాగితం చూపించాను. చదివి, చేతికర్ర ఎత్తి రోడ్డుకు అవతలి కాలిబాట చూపించాడు. "తామ్" అన్నాడు. అక్కడ అని.

ఒకటే వీధి. ఇటు కాలిబాట పదో లైను, అటు కాలిబాట పదకొండో లైను! ఇటువైపు బేసి నంబర్లు, అటువైపు సరి నంబర్లు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన టీచరును, సరి, బేసి దగ్గర బోల్తాపడ్డాను. తరువాత కారణం తెలిసినప్పుడు నవ్వొచ్చింది. పీటర్ చక్రవర్తి కాలంలో ఈ దీవి మీద వీధులకు బదులు కాలువలు తవ్వాలనుకున్నారు. ఒక్కో కాలువకు రెండు గట్లు కాబట్టి రెండు లైన్ల పేర్లు పెట్టారు. కాలువలు రాలేదు, గట్ల పేర్లు మిగిలిపోయాయి. కోనసీమలో పుట్టినవాళ్ళకు ఇంతకంటే వివరించనక్కర్లేదు. కాలువకు ఇవతల గట్టున ఉన్నవాణ్ణి అవతల గట్టువాడి ఇల్లు అడిగితే ఏం చెబుతాడో ఆ పెద్దాయనా అదే చెప్పాడు.

ఇదంతా 2024 జూన్ మాట. ఇంత దూరం ఒంటరిగా ఎందుకు వెళ్ళానంటే, మా నాన్నగారు కారణం. విశాలాంధ్ర పుస్తకాల వ్యాను ఊళ్ళోకి వస్తే ఆయన జేబులో ఉన్నదంతా అక్కడే పోసి వచ్చేవారు. అట్ట లోపల 'ప్రగతి ప్రచురణాలయం, మాస్కో' అని ఉండే ఆ పుస్తకాల్లో నేవా నది, చీకటి పడని తెల్లని రాత్రులు, మెట్ల మీద చలికి వణికే గుమాస్తాలు నాకు పదేళ్ళ వయసుకే తెలుసు. స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక మా అబ్బాయితో చెబితే, "ఒక్కదానివే ఎందుకమ్మా, ఏదైనా టూరు వాళ్ళతో వెళ్ళు" అన్నాడు. టూరు వాళ్ళు మూడు రోజుల్లో ఆరు మ్యూజియాలు చూపిస్తారు. నాకు కావలసింది ఒక గది, ఒక బస్సు పాసు, రెండు వారాలు.

వీసా తేలిగ్గానే వచ్చింది. 2023 ఆగస్టు నుంచి మనవాళ్ళకూ ఈ-వీసా ఇస్తున్నారు. అప్పట్లో దాని మీద పదహారు రోజులే ఉండనిచ్చేవారు, 2025లో ముప్పైకి పెంచారు. కష్టం గది దగ్గర మొదలైంది. మనం మామూలుగా వాడే విదేశీ బుకింగ్ సైట్లు 2022 మార్చి నుంచి రష్యాలో పనిచేయడం లేదు. అదే నెల నుంచి బయటి దేశాల బ్యాంకులిచ్చిన వీసా కార్డులు, మాస్టర్‌కార్డులు కూడా అక్కడ చెల్లవు. రష్యన్ సైట్లలో చూస్తే సగం ఇళ్ళవాళ్ళు ముందే రష్యన్ కార్డుతో కట్టమంటారు. వచ్చాక నగదు ఇస్తే చాలన్న ఒకావిడ దొరికింది. అనువాద యంత్రం పెట్టుకుని నాలుగు సందేశాలు పంపుకున్నాం, గది ఖాయమైంది. అడగాల్సిన ఒక్క ప్రశ్న మాత్రం నేను అడగలేదు. ఆ సంగతి వస్తుంది.

డబ్బు మొత్తం డాలర్లలో నడుముకు కట్టుకున్నాను. నోట్లు కొత్తవి తీసుకోమని ఎవరో చెప్పింది విని మంచి పని చేశాను. అక్కడ బ్యాంకు గుమాస్తా ఒక్కో నోటునూ దీపానికి పట్టి చూసి, మూలన చిన్న సిరా గీత ఉన్న వంద డాలర్ల నోటు నాకు తిరిగిచ్చేసింది. రూబులు అప్పుడు మన రూపాయి కంటే కాస్త తక్కువ కాబట్టి ధరలు మనసులో మార్చుకునే శ్రమ లేదు.

సరే, అవతలి గట్టుకు వెళ్ళాను. ఇల్లు దొరికింది, తలుపు దొరకలేదు. వీధి వైపు ఒక కమాను, దానికి ఇనుప గేటు, గేటుకు అంకెల బోర్డు. అంకెలు నొక్కితే తెరుచుకుంది. లోపల నలువైపులా అయిదంతస్తుల గోడలు, పైన చేటంత ఆకాశం. వీటిని అక్కడ 'బావి వాకిళ్ళు' అంటారు, నిజంగానే బావిలో నిలబడి పైకి చూసినట్టే ఉంటుంది. ఆవిడ సందేశం మళ్ళీ చదివాను. రెండో ద్వోర్, మూడో పరాద్నయ, నాలుగో ఎతాజ్. ద్వోర్ అంటే వాకిలి. అంటే ఈ వాకిలి దాటి, ఇంకో కమాను కిందుగా మరో వాకిట్లోకి వెళ్ళాలి. పరాద్నయ అంటే మెట్ల గుమ్మం. మాస్కోలో దీన్ని పద్యేజ్ద్ అంటారట. పరాద్నయ అన్నవాడు పీటర్స్‌బర్గ్ మనిషి అని పట్టేస్తారట. మన దగ్గర ఒక్క మాటతో ఏ జిల్లావాళ్ళో చెప్పేసినట్టే. ప్రతి గుమ్మం మీదా లోపల ఏయే ఫ్లాట్లు ఉన్నాయో రేకు మీద రాసి ఉంటుంది, ఆ అంకెలకు వరుస అనేది ఉండదు. ఎతాజ్ అంటే అంతస్తు. వాళ్ళకు నేల మీద ఉన్నదే ఒకటో అంతస్తు. ఇది తెలియక నాలుగో అంతస్తు అంటే మన లెక్క వేసుకుని పెట్టెతో ఒక అంతస్తు అదనంగా ఎక్కి, ఎవరిదో తలుపు కొట్టాను. స్నానాల కోటు తొడుక్కుని వచ్చిన ఆయన నా పెట్టెనూ నన్నూ చూసి, ఏమీ అడక్కుండా కిందికి వేలు చూపించాడు. రోజూ ఎవరో ఒకరు ఇలా వస్తుంటారేమో.

గది బాగుంది. కుళాయిలో వేడినీళ్ళు లేవు. ఆ నగరంలో వేడినీళ్ళు గొట్టాల ద్వారా కేంద్రం నుంచి ఇళ్ళకు వస్తాయి. ఏటా వేసవిలో మరమ్మతులకని పేటల వారీగా రెండు వారాల దాకా ఆపేస్తారు. మా పేట వంతు సరిగ్గా నేను వెళ్ళిన వారమే వచ్చింది. కార్తీకంలో తెల్లవారుజామున గోదావరిలో మునిగినదాన్ని, నాకేమిటి అనుకుని కుళాయి కింద తల పెట్టాను. నేవా నీళ్ళు వేరు! మరునాటి నుంచి కెటిల్‌తో ఆరుసార్లు కాచుకుని బకెట్లో పోసుకునేదాన్ని.

అసలు చిక్కు మూడో రోజున వచ్చింది. విమానాశ్రయంలో దిగగానే పాస్‌పోర్టులో ఒక చిన్న కాగితం పెట్టి ఇస్తారు, వలస కార్డు. వెళ్ళేదాకా అది పోగొట్టుకోకూడదు. దానితో పాటు, ఏడు పనిదినాల కంటే ఎక్కువ ఉండే విదేశీయులను, వాళ్ళకు బస ఇచ్చినవాళ్ళు ప్రభుత్వానికి నమోదు చేయించాలి. హోటళ్ళు ఆ పని వాటంతట అవే చేస్తాయి. ఇంటివాళ్ళయితే తపాలా కార్యాలయం, పౌరసేవా కేంద్రం లాంటిచోట కాగితాలు ఇవ్వాలి. నేనుండేది పద్నాలుగు రోజులు. జూన్ 12 రష్యా దినోత్సవం సెలవు తీసేసి లెక్క వేసుకున్నా ఏడు దాటుతున్నాయి. ఇంటావిడను అడిగితే ఫోనులోకి ఏదో చెప్పి అనువాదం చూపించింది: "నేను కాగితాలు చేయను. అందరూ వారం ఉండి వెళ్ళిపోతారు." ఆవిడ అద్దె లెక్కల్లోకి ప్రభుత్వం తొంగిచూడటం ఆవిడకు ఇష్టం లేదని మాత్రం అర్థమైంది. గది ఖాయం చేసుకునేటప్పుడే అడగాల్సిన ప్రశ్న ఇదే: "నమోదు చేయిస్తారా?" రష్యాలో ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్ళు అద్దె ఎంత అన్నదాని కంటే ముందు ఇది అడగాలి. పోట్లాడలేదు, గది ఖాళీ చేశాను. ఎక్కువ కట్టిన రాత్రుల డబ్బు సగం తిరిగి వచ్చింది. సగం రాలేదు.

అప్పటికి అక్షరాలు వచ్చేశాయి. యాభై ఆరు అక్షరాలు దిద్దుకున్నవాళ్ళం, ముప్పై మూడు మనకొక లెక్కా? చిక్కల్లా ఇంగ్లిషు వచ్చి ఉండటం వల్లనే. పీ ఆకారంలో ఉన్నది 'ర్'. హెచ్ ఆకారంలో ఉన్నది 'న్'. సీ అంటే ఎప్పుడూ 'స్'. బీ లాంటిది 'వ్'. ఇంగ్లిషు కళ్ళతో చూస్తే ప్రతి బోర్డూ అచ్చుతప్పులా ఉంటుంది. నేను రెండు రోజులు ఇంగ్లిషును పక్కనపెట్టి, ప్రతి బోర్డునూ తెలుగులో రాసుకున్నాను. అప్తేకా, మందుల షాపు. స్తలోవయా, భోజనశాల. వ్ఖోద్, లోపలికి. వీఖద్, బయటికి. ఈ రెంటికీ తేడా నడుమ ఒక్క అక్షరం. మెట్రోలో అది చూసుకోకపోతే జనం ప్రవాహానికి ఎదురెళ్ళాలి. అలా కూడబలుక్కుంటూ స్రేద్నీ రోడ్డు మీద నడుస్తుంటే ఒక గుమ్మం పక్కన అరచేయంత బోర్డు: 'మినీ అతేల్'. అది హోటలని చదవగలిగినందుకు నాకు నేనే వందకు వంద వేసుకున్నాను.

ఒకప్పుడు ఏడెనిమిది కుటుంబాలు ఒకే వంటిల్లు పంచుకుని బతికిన పాత ఉమ్మడి ఫ్లాటును గదులుగా మార్చిన బస అది. పీటర్స్‌బర్గ్‌లో ఇలాంటివి చాలా ఉన్నాయి. పొడవాటి వసారా, అటూ ఇటూ తలుపులు, చివర వంటిల్లు. రోజుకు రెండు వేల ఆరు వందల రూబుళ్ళు, స్నానాలగది ఉమ్మడి. తెల్లని రాత్రుల రోజులు కాబట్టి జూన్‌లో ధరలు ఎక్కువే. బల్ల వెనక అరవై దాటిన ఒకావిడ. నేను నోరు తెరవకముందే "పాస్‌పోర్ట్, వీసా, మిగ్రాత్సియోన్నయ కార్త" అని మూడు వేళ్ళు చూపించింది. నమోదు గురించి అడగాల్సిన పనే లేదు. మూడింటికీ నకళ్ళు తీసుకుని, పత్రం నింపడం మొదలుపెట్టింది. పాస్‌పోర్టులో మా ఇంటిపేరు చదవడానికే మూడుసార్లు ఆగింది. తరువాత నా పేరు. తరువాత, పత్రంలో లేకపోయినా, మీ నాన్నగారి పేరేమిటని అడిగింది. చెప్పాను. ఆయన పేరుకు 'ఒవ్నా' అని తోక తగిలించి, నా పేరుతో కలిపి ఒకసారి పైకి అని చూసుకుంది. వాళ్ళలో పెద్దవాళ్ళను గౌరవంగా పిలవాలంటే తండ్రి పేరు తోడవ్వాలి. వెళ్ళే రోజు దాకా అలాగే పిలిచింది, మీరు అనే మాట్లాడింది. వాళ్ళకూ మనలాగే నువ్వు, మీరు ఉన్నాయి, 'తీ', 'వీ' అని. వీధిలో దుకాణాల వాళ్ళు మాత్రం నన్ను 'దేవుష్కా' అన్నారు. అమ్మాయీ అని. అక్కడ ఆడవాళ్ళను ఏ వయసులోనైనా అలాగే పిలుస్తారట. నేను మాత్రం ప్రతిసారీ సంతోషించాను.

సాయంత్రానికి ముద్ర వేసిన చీటీ చేతికొచ్చింది. దాన్ని పాస్‌పోర్టులో పెట్టి, పాస్‌పోర్టు తువ్వాలులో చుట్టి, తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను.

సిమ్ కోసం మూడు దుకాణాలు తిరిగాను. మొదటివాడు పాస్‌పోర్టుకు నోటరీ చేసిన రష్యన్ అనువాదం అడిగాడు, మూడోవాడు ఏమీ అడగలేదు. 2025 నుంచి విదేశీయులు ముఖం, గొంతు నమూనాలు ఇవ్వడం తప్పనిసరి చేశారు కాబట్టి ఇప్పుడు వెళ్ళేవాళ్ళు నా మాట పట్టుకోకండి.

తిరగడం మాత్రం నేను భయపడినంత కష్టం కాదు. 'పదరోజ్నిక్' అని ఒక కార్డు కొనుక్కుంటే మెట్రో, బస్సు, ట్రామ్, ట్రాలీబస్సు అన్నింటికీ చెల్లుతుంది. ఆ మాటకు అర్థం దారి పక్కన పెరిగే ఒక మొక్క. పిల్లలు పడి మోకాలు చెక్కుకుపోతే దాని ఆకు అంటిస్తారట. అలాంటి ఆకు పేరు టికెట్టుకు పెట్టడం నాకు నచ్చింది. మెట్రోలో లోపలికి వెళ్ళేటప్పుడు ఒక్కసారి కార్డు ఆనిస్తే చాలు, ఎంత దూరమైనా ఒకటే ధర. విమానాశ్రయం నుంచి 39 నంబరు బస్సు మస్కోవ్‌స్కయ మెట్రో దగ్గర దింపుతుంది. మా దీవికి రావాలంటే అక్కడి నుంచి ఏడో స్టేషన్‌లో మారాలి. ఇక్కడ ఒక మెలిక. మీరు దిగేది నేవ్‌స్కీ ప్రస్పేక్త్, ఎక్కేది గస్తీనీ ద్వోర్. రెండూ నేల కింద కలిసే ఉంటాయి, లైను మారితే స్టేషన్ పేరు కూడా మారిపోతుంది. మొదటిరోజు నేను దిగకుండా ఆ రెండో పేరు కోసం చూస్తూ ఇంకో స్టేషన్ ముందుకు వెళ్ళిపోయాను.

కొన్ని స్టేషన్లలో రైలు కనిపించదు. మా వసీలెఅస్త్రోవ్‌స్కయ అలాంటిదే. పొడవాటి హాలు, రెండు వైపులా గోడలు, గోడల్లో వరుసగా ఇనుప తలుపులు. గోడ వెనక ఏదో గర్జించి ఆగుతుంది, ఇనుప తలుపులు తెరుచుకుంటాయి, వాటికి ఎదురుగా సరిగ్గా రైలు తలుపులు. అక్కడివాళ్ళు దీన్ని సరదాగా 'అడ్డం లిఫ్టు' అంటారు. ఇక లోతు సంగతి చెప్పాలి. అద్మిరల్తేయ్‌స్కయ స్టేషన్ నేలకు 86 మీటర్ల కింద ఉంది. ఎస్కలేటర్ ఎక్కి కుడివైపు నిలబడాలి, ఎడమ వైపు హడావిడి మనుషులకు. దిగడానికి పట్టే సమయంలో పుస్తకాలు చదివేవాళ్ళు పేజీలు తిప్పడం చూశాను.

ప్రతి స్టేషన్‌లోనూ ఒక గొంతు: "అస్తరోజ్న, ద్వేరి జక్రివాయుత్స్య." జాగ్రత్త, తలుపులు మూసుకుంటున్నాయి. మూడో రోజో నాలుగో రోజో చెవిలో ఏదో తట్టింది. ద్వేరి అంటే ద్వారమే! మన సంస్కృతం ద్వారం, వాళ్ళ ద్వేరి అక్కాచెల్లెళ్ళు. ద్వా, త్రీ, చితీర్యె అన్న వాళ్ళ అంకెలూ అంతే: ద్వి, త్రి, చతుర్. నిప్పు 'అగోన్య్', మన అగ్ని. ఇంత దూరం వచ్చి పాత సామాను కొట్లో మన ఇంటి చెంబు చూసినట్టయింది. ఇదే దీవి తూర్పు చివర, నది ఒడ్డున ఉన్న విశ్వవిద్యాలయంలో నికితా గూరవ్ అనే ద్రావిడ భాషల పండితుడు రష్యన్ పిల్లలకు తెలుగు నేర్పేవారు. ఒకరోజు పని కట్టుకుని ఆ భవనం ముందు దాకా వెళ్ళి, కాసేపు నిలబడి వచ్చాను.

కానీ వచ్చిన నాలుగు అంకెలే ఒక రాత్రి కొంప ముంచబోయాయి. వసంతం నుంచి నవంబరు దాకా నేవా మీది వంతెనలను రాత్రిళ్ళు ఓడల కోసం పైకి లేపుతారు. మా గోదావరి రైలు వంతెనను నడిమికి విరిచి రెండు ముక్కలూ ఆకాశానికి ఎత్తారనుకోండి, అలా. వందలాది మంది గట్టు మీద చేరి చూస్తారు. నేనూ శీతాకాల ప్రాసాదం వైపు గట్టున నిలబడ్డాను. రాత్రి ఒంటిగంట దాటి పది నిమిషాలకు ప్యాలెస్ వంతెన మీది దీపస్తంభాలతో సహా, ట్రాలీబస్సు తీగల కొక్కేలతో సహా రోడ్డు పైకి లేచింది. అందరితో పాటు చప్పట్లు కొట్టాను. కొట్టాక గుర్తొచ్చింది, నా గది ఆ వంతెనకు అవతల ఉంది. మెట్రో అర్ధరాత్రికే మూసేశారు. ఇటు నుంచి దీవికి వెళ్ళే రెండో వంతెనా దాదాపు అదే వేళకు లేచింది. ఊరు చుట్టి ఎత్తైన రహదారి మీదుగా టాక్సీ వెళుతుంది, దాని ధర చూసి ఫోను జేబులో పెట్టేశాను.

గట్టు మీద టీ అమ్ముతున్న అమ్మాయిని, ఎప్పుడు దిగుతుందని చేతులతో అడిగాను. "బెజ్ దెస్యాతి త్రీ" అంది. దెస్యాత్ అంటే పది, త్రీ అంటే మూడు. మూడూ పది అనుకున్నాను. రెండు కప్పుల టీ తాగి, తెల్లవారుతోందో పొద్దుగూకుతోందో తెలియని ఆ పాలవెలుగులో మెట్ల మీద కూర్చున్నాను. ఒడిలో సంచి పెట్టుకుని కునుకు తీస్తుంటే జనం కదులుతున్న చప్పుడు. కళ్ళు తెరిస్తే వంతెన కిందికి దిగి ఉంది, మనుషులు పరుగులాంటి నడకతో దాటుతున్నారు. వాచీ చూస్తే రెండూ యాభై అయిదు. అప్పుడు వెలిగింది: 'బెజ్' అంటే తక్కువ. పది తక్కువ మూడు! మా అమ్మమ్మ గడియారం చూసి చెప్పే పద్ధతి. ఇంకా మెలిక ఏమిటంటే, మూడూ పదికి ఆ వంతెన మళ్ళీ లేస్తుంది, దాదాపు అయిదింటి దాకా దిగదు. నేను అనుకున్న సమయానికి వెళ్ళి ఉంటే సరిగ్గా లేచేటప్పుడు చేరేదాన్ని. చెప్పులు చేతపట్టుకుని పరిగెత్తాను. అవతల గట్టు మీద ఆగి వెనక్కి చూస్తే, ఇంకా ఇద్దరు కుర్రాళ్ళు ఒక సైకిలు మీద తొక్కుకుంటూ వస్తున్నారు.

బస తలుపు తెరిచిన బల్ల ఆవిడ మా నాన్నగారి పేరుతో కలిపి నన్ను పిలిచి, గడియారం వైపు చూసి, ఏమీ అనకుండా కెటిల్ స్టౌ మీద పెట్టింది.

చివరి వారంలో వంటింట్లో నాకంటూ ఒక గిన్నె, ఒక మూల ఏర్పడ్డాయి. అక్కడ దుకాణాల్లో బియ్యం చిల్లుల సంచుల్లో కూడా దొరుకుతుంది. సంచి సంచిగానే నీళ్ళలో వేసి ఉడికించాలి. నేను సంచి కత్తిరించి బియ్యం కడిగి అత్తెసరు పెడుతుంటే, పక్క గదిలో దిగిన ఒకమ్మాయి ఆశ్చర్యంగా చూస్తూ నిలబడింది. నేను ఆమె బుక్వీట్ జావలో పాలు పోసుకోవడాన్ని అంతే ఆశ్చర్యంగా చూశాను.

తిరుగు ప్రయాణం రోజున పుల్కొవాలో వరుసలో నిలబడి పాస్‌పోర్టు, వలస కార్డు, ముద్ర వేసిన నమోదు చీటీ మూడూ సర్ది పట్టుకున్నాను. ఆ చీటీ కోసమే బస మారాను, సగం డబ్బు వదులుకున్నాను, పది రాత్రులు తలగడ కింద దాచాను. అద్దం వెనక కుర్రాడు వలస కార్డు లాక్కుని, పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి, చీటీని చూడకుండానే మడిచి అందులోనే పెట్టి ఇచ్చేశాడు. "దేవుష్కా, ముందుకు నడవండి" అన్నట్టు చెయ్యి ఊపాడు.